నేలమట్టమైన మైదానాలు: తొమ్మిది టెస్టుల మద్రాసు కార్పొరేషన్ స్టేడియం

మద్రాసు కార్పొరేషన్ స్టేడియంలో 1956 జనవరి నుంచి 1965 మార్చి వరకు తొమ్మిది టెస్టు మ్యాచ్‌లు జరిగాయి. వాటిలో భారత్ రెండు గెలిచింది, నాలుగు ఓడింది, మూడు డ్రా అయ్యాయి. ఆ తరువాత క్రికెట్ అక్కడి నుంచి తరలిపోయింది. నెహ్రూ పేరుతో ఇంకో పాతికేళ్లు ఫుట్‌బాల్, అథ్లెటిక్స్ పోటీలతో నెట్టుకొచ్చిన స్టేడియాన్ని 1992లో కూలగొట్టి, అదే జాగాలో కొత్తది కట్టారు. వరంగల్‌లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు సెంట్రల్లో దిగిన తెలుగువాళ్లకు ఈ చోటు నడిచిపోయేంత దూరం. స్టేషన్ బయట ఎర్రటి విక్టోరియా పబ్లిక్ హాలు, దాని పక్కన తెల్లటి రిప్పన్ భవనం, వాటి వెనక పెరియమేట్ వైపు స్టేడియం. ఈ కట్టడాలన్నీ ఒకప్పటి ఒకే తోట ముక్కల మీద లేచినవే.

ఆ తోట పేరు పీపుల్స్ పార్క్. 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చిన సర్ చార్లెస్ ట్రెవిలియన్, ఊరి జనం గాలి పీల్చుకోవడానికి ఒక బహిరంగ ఉద్యానం ఉండాలని తలపెట్టాడు. కొత్త పన్నులను బాహాటంగా వ్యతిరేకించినందుకు మరుసటి ఏడాదే ఆయన్ను వెనక్కి పిలిపించారు గానీ, తోట పని ఆగలేదు. 116 ఎకరాల్లో కొలనులు, బండి దారులు, బ్యాండ్ స్టాండు, టెన్నిస్ కోర్టులు వెలిశాయి. మ్యూజియం ఆవరణలో ఎడ్వర్డ్ బాల్ఫోర్ ప్రారంభించిన జంతుశాల కూడా 1863లో ఇక్కడికే వచ్చింది. ఊళ్లో సామాన్యుడు టిక్కెట్టు, సిఫార్సు, సభ్యత్వం ఏవీ లేకుండా అడుగుపెట్టగలిగిన పెద్ద పచ్చిక అదే.

అంత ఖాళీ జాగా ఊరి నడిబొడ్డున ఉంటే దాని మీద కన్ను పడకుండా ఉండదు. మొదటి ముక్క టౌన్ హాలుకు పోయింది. 1883 డిసెంబరు 17న దానికి శంకుస్థాపన చేసినవాడు విజయనగరం మహారాజా పూసపాటి ఆనంద గజపతి రాజు. స్థలాన్ని 99 ఏళ్ల లీజు మీద ఇచ్చారు. అదే విక్టోరియా పబ్లిక్ హాలు. తెలుగు నాటక చరిత్ర తెలిసినవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. బళ్లారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యులు తన సరస వినోదిని సభతో వచ్చి ఈ వేదిక మీద నాటకాలు ఆడగా చూసిన పమ్మల్ సంబంధ మొదలియార్, ఆ ఉత్సాహంతోనే 1891లో సుగుణ విలాస సభను స్థాపించాడు. ఆధునిక తమిళ నాటకానికి ఒక తెలుగు బృందం ఇలా దారి చూపింది. 1900లో పార్కు ఇంకో అంచున మూర్ మార్కెట్ తెరిచారు. 1913కల్లా కార్పొరేషన్ తన కార్యాలయమైన రిప్పన్ భవనంలోకి మారింది.

మిగిలిన తోటలో ఆటలు, తిరునాళ్లు సాగాయి. క్రిస్మస్ రోజుల్లో జరిగే పార్క్ ఫెయిర్‌కు మద్రాసు మొత్తం కదిలేది. 1886 డిసెంబరు 31న ఆ తిరునాళ్లలో తాటాకు పందిళ్లు అంటుకుని వందలాది మంది చనిపోయారు. అంత ఘోరం తరువాత కూడా వేడుక ఆగిపోలేదు. తరువాతి కాలంలో సౌత్ ఇండియన్ అథ్లెటిక్ అసోసియేషన్ దాన్ని నడిపింది. జనం గుమిగూడే చోటుగా, ఆటల చోటుగా ఈ నేలకు పేరు స్టేడియం రాకముందే స్థిరపడింది.

కార్పొరేషన్ స్టేడియంలో టెస్టు క్రికెట్ ఎందుకు ఆడవలసి వచ్చిందో తెలియాలంటే అక్కడికి దగ్గర్లోనే ఉన్న చేపాక్ కథ చూడాలి. 1846లో ఏర్పడిన మద్రాసు క్రికెట్ క్లబ్ 1860ల నుంచి చేపాక్‌లో స్థిరపడింది. అది దొరల క్లబ్బు. భారతీయ ఆటగాళ్లు అక్కడ మ్యాచ్ ఆడవచ్చు గానీ పెవిలియన్‌లో కూర్చోవడానికి వీలుండేది కాదు, చెట్టు నీడే వాళ్ల గది. ఆ అవమానానికి బదులుగా పుట్టిందే మద్రాసు యునైటెడ్ క్లబ్. దాన్ని 1888లో నెలకొల్పినవాడు మద్రాసు తెలుగు దుబాసీల కుటుంబంలో పుట్టిన మోతవరపు వెంకట మహీపతి నాయుడు. క్రికెట్ లోకానికి ఆయన బుచ్చిబాబు నాయుడు. దొరల జట్టుతో భారతీయుల జట్టు ఏటా తలపడే ప్రెసిడెన్సీ మ్యాచ్ ఆయన ఆలోచనే. మొదటి మ్యాచ్ చూడకముందే 1908లో కన్నుమూశాడు. ఆయన కొడుకుల్లో ఒకరైన కోటా రామస్వామి 1922లో డేవిస్ కప్ టెన్నిస్‌లో, 1936లో నలభయ్యో ఏట టెస్టు క్రికెట్‌లో దేశానికి ఆడాడు. మాంచెస్టర్‌లో తన తొలి టెస్టులో 40, 60 చేశాడు. రెండు ఆటల్లోనూ దేశం తరఫున దిగినవాళ్లు చాలా అరుదు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా చేపాక్ నేల క్లబ్బు చేతిలోనే ఉంది. 1934లో సి.కె. నాయుడు నాయకత్వంలో ఇంగ్లండ్‌తో ఆడిన టెస్టు, 1952 ఫిబ్రవరిలో భారత్ తన చరిత్రలో మొట్టమొదటి టెస్టు విజయం సాధించిన మ్యాచ్ చేపాక్‌లోనే జరిగాయి. అయితే మద్రాసులో పెద్ద మ్యాచ్‌లు ఏర్పాటు చేసే క్రికెట్ సంఘానికి సొంత మైదానం లేదు. కార్పొరేషన్‌కు మాత్రం పీపుల్స్ పార్క్‌లో నగరం సొమ్ముతో కట్టిన స్టేడియం ఉంది. 1956 నుంచి టెస్టులు అక్కడికి మారాయి. అప్పటికి మద్రాసు తెలుగువారి రాజధాని కాకుండా పోయి రెండేళ్లు దాటింది. 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక ఆంధ్ర జట్టు కూడా రంజీ ట్రోఫీలో వేరుగా బరిలో దిగింది. దానికి తొలి ఏడాది కెప్టెన్ యాభై ఎనిమిదేళ్ల సి.కె. నాయుడు. తెలుగు సినిమా మాత్రం మద్రాసు వదల్లేదు.

స్టేడియానికి దక్కిన తొలి టెస్టే ఒక ప్రపంచ రికార్డు తెచ్చిపెట్టింది. 1955–56లో న్యూజిలాండ్‌తో ఐదు టెస్టుల సిరీస్ మన హైదరాబాద్‌లో, ఫతే మైదాన్‌లో మొదలైంది. అక్కడ పాలీ ఉమ్రిగర్ 223 చేసి, టెస్టుల్లో డబుల్ సెంచరీ కొట్టిన తొలి భారతీయుడయ్యాడు. వెంటనే బొంబాయిలో వినూ మన్కడ్ సరిగ్గా అంతే స్కోరు చేశాడు. ఢిల్లీలో న్యూజిలాండ్ ఓపెనర్ బెర్ట్ సట్‌క్లిఫ్ 230 నాటౌట్‌తో ఇద్దరినీ దాటేశాడు. సిరీస్‌లో ఆఖరి టెస్టు మద్రాసులో. జనవరి 6న మన్కడ్, పంకజ్ రాయ్ బ్యాటింగ్‌కు దిగి తొలిరోజంతా వికెట్ ఇవ్వలేదు. మర్నాడు మధ్యాహ్న భోజనం తరువాత గానీ ఆ జోడీ విడిపోలేదు. అప్పటికి స్కోరు 413. 1948లో జొహానెస్‌బర్గ్‌లో హట్టన్, వాష్‌బ్రూక్ నెలకొల్పిన 359 పరుగుల రికార్డు దీంతో వెనకబడింది. రాయ్ 173, ముప్పై ఎనిమిదేళ్ల మన్కడ్ 231. భారత్ 3 వికెట్లకు 537 దగ్గర డిక్లేర్ చేసి, ఇన్నింగ్స్ 109 పరుగుల తేడాతో గెలిచింది.

ఆ రెండు అంకెలు ఎంతకాలం నిలిచాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మన్కడ్ 231 భారత ఆటగాళ్లలో అత్యధిక స్కోరుగా 1983 డిసెంబరు దాకా ఉంది. సునీల్ గవాస్కర్ దాన్ని దాటింది కూడా మద్రాసులోనే, చేపాక్‌లో, వెస్టిండీస్ మీద 236 నాటౌట్‌తో. ఓపెనింగ్ జోడీ రికార్డు ఇంకా మొండిది. 2006 జనవరిలో లాహోర్‌లో సెహ్వాగ్, ద్రవిడ్ 410 దాకా వచ్చి మూడు పరుగుల దూరంలో ఆగిపోయారు. చివరికి 2008 ఫిబ్రవరిలో చిట్టగాంగ్‌లో దక్షిణాఫ్రికా ఓపెనర్లు స్మిత్, మెకెంజీ 415 చేశారు. స్టేడియం కూలిపోయి పదిహేనేళ్లు దాటాక గానీ అక్కడ పుట్టిన రికార్డు కూలలేదు.

తరువాతి మూడు టెస్టులు ఓటములే. 1956 అక్టోబరులో ఆస్ట్రేలియా ఇన్నింగ్స్ 5 పరుగులతో గెలిచింది. తొలి ఇన్నింగ్స్‌లో రిచీ బెనో 72 పరుగులకు ఏడు, రెండో ఇన్నింగ్స్‌లో రే లిండ్‌వాల్ 43కు ఏడు వికెట్లు పడగొట్టారు. 1960 జనవరిలో మళ్లీ ఆస్ట్రేలియాదే గెలుపు, ఈసారి ఇన్నింగ్స్ 55 పరుగులు. ఆ రెంటి నడుమ వెస్టిండీస్‌తో జరిగిన 1959 జనవరి టెస్టు ఆట కంటే ఆటకు ముందు రాత్రి జరిగిన రభస వల్ల గుర్తుండిపోయింది. ఆ సిరీస్‌లో మొదటి టెస్టుకు ఉమ్రిగర్ కెప్టెన్. తరువాతి రెండింటికి హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్. కలకత్తాలో ఘోరంగా ఓడాక గులాం అహ్మద్ ఆటకే స్వస్తి చెప్పాడు. మద్రాసులో పగ్గాలు మళ్లీ ఉమ్రిగర్‌కు ఇచ్చారు. తీరా మ్యాచ్ ముందు సాయంత్రం, జట్టులో ఎవరిని తీసుకోవాలన్న విషయంలో బోర్డు పెద్దలతో పొసగక ఆయన కెప్టెన్సీ వదిలేశాడు. రాత్రికి రాత్రి మన్కడ్‌ను కెప్టెన్ చేశారు. బేసిల్ బుచర్ 142తో వెస్టిండీస్ 500 చేసింది, భారత్ 295 పరుగులతో ఓడింది. ఢిల్లీలో చివరి టెస్టుకు హేమూ అధికారి వచ్చాడు. ఒక సిరీస్, నలుగురు కెప్టెన్లు. సెలెక్షన్‌లో బోర్డు జోక్యం గురించి ఇప్పుడు వాపోయేవాళ్లు ఈ మ్యాచ్ చదువుకుంటే కొంత ఊరట పొందుతారు.

1961 జనవరిలో పాకిస్థాన్‌తో జరిగిన టెస్టు పరుగుల పంట. చందూ బోర్డే 177 నాటౌట్ కెరీర్లో ఆయన అత్యధిక స్కోరు. ఫలితం మాత్రం డ్రా. ఆ సిరీస్‌లో ఐదు టెస్టులూ డ్రా. ఓటమి భయంతో రెండు జట్లూ ముడుచుకుని ఆడిన ఆ సిరీస్ ముగిశాక రెండు దేశాలు మళ్లీ టెస్టు ఆడింది 1978లో.

మరుసటి ఏడాది జనవరిలో స్టేడియానికి మంచి రోజులు వచ్చాయి. ఇంగ్లండ్‌తో నాలుగో టెస్టు కలకత్తాలో గెలిచి భారత్ 1–0 ఆధిక్యంతో మద్రాసు చేరింది. ఇంగ్లండ్ జట్టు పూర్తి బలంతో రాలేదన్నది నిజమే. ట్రూమన్, స్టాథమ్, కౌడ్రీ ఇంటిపట్టునే ఉండిపోయారు. అయినా అప్పటిదాకా ఇంగ్లండ్‌పై సిరీస్ గెలవని జట్టుకు అది చిన్న సంగతి కాదు. కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ 86, ఫరూఖ్ ఇంజనీర్ 65 చేయగా, ఆరు నెలల కిందటే కారు ప్రమాదంలో కుడి కంటి చూపు పోగొట్టుకున్న మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ తన మూడో టెస్టులో 103 కొట్టాడు. అది ఆయన తొలి టెస్టు సెంచరీ. సలీం దురానీ తొలి ఇన్నింగ్స్‌లో ఆరు, రెండో ఇన్నింగ్స్‌లో నాలుగు వికెట్లు తీశాడు. భారత్ 128 పరుగులతో గెలిచి సిరీస్ 2–0తో దక్కించుకుంది. ఓపెనర్‌గా సికింద్రాబాద్ కుర్రాడు ఎం.ఎల్. జయసింహ ఆ జట్టులో ఉన్నాడు. రెండు నెలలకే బార్బడోస్‌లో గ్రిఫిత్ బంతి తలకు తగిలి కాంట్రాక్టర్ టెస్టు ఆట ముగిసిపోయింది, ఇరవై ఒక్కేళ్ల పటౌడీ కెప్టెన్ అయ్యాడు. కొన్నాళ్లకు ఆయన హైదరాబాద్ జట్టుకు మారి, రంజీల్లో జయసింహ కెప్టెన్సీ కింద ఆడాడు. టెస్టుల్లో తన కింద ఆడినవాడికి రంజీలో లోబడి ఆడటానికి పటౌడీకి ఏ అభ్యంతరమూ లేకపోయింది.

1964 జనవరి 12న బాపూ నాదకర్ణి వేసిన బౌలింగ్ స్టేడియం పేరును రికార్డు పుస్తకాల్లో శాశ్వతంగా నిలిపింది. భారత్ మొదట బ్యాట్ చేసి 7 వికెట్లకు 457 చేసింది. వికెట్‌కీపర్ బుధి కుందరన్ 192 కొట్టాడు. ఆ ఇన్నింగ్సే వేరే చోట అయితే ఆ మ్యాచ్‌కు గుర్తుగా మిగిలేది. ఇంగ్లండ్ బ్యాటింగ్‌లో బ్రయాన్ బోలస్, కెన్ బారింగ్టన్ గోడకట్టినట్టు నిలబడ్డారు. ఎడమచేతి స్పిన్నర్ నాదకర్ణి ఒకే చోట బంతి తరువాత బంతి వేస్తూ పోయాడు. వరుసగా 21 మెయిడిన్ ఓవర్లు. 131 బంతులకు ఒక్క పరుగు రాలేదు. ఇన్నింగ్స్ ముగిసేసరికి ఆయన లెక్క 32 ఓవర్లు, 27 మెయిడిన్లు, 5 పరుగులు, వికెట్లు సున్నా. చివరి అంకె వల్లే ఈ గణాంకం మరీ విచిత్రంగా కనిపిస్తుంది. పరుగు ఇవ్వని బౌలర్‌కు, పరుగు కోసం ప్రయత్నించని బ్యాట్స్‌మన్‌కు మధ్య ఒప్పందం కుదిరినట్టుగా సాగిన ఆటకు జనం టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్నారు. మ్యాచ్ సహజంగానే డ్రా. తొమ్మిది నెలల తరువాత అదే మైదానంలో ఆస్ట్రేలియా మీద నాదకర్ణి రెండు ఇన్నింగ్స్‌లలో 5, 6 చొప్పున పదకొండు వికెట్లు తీశాడు. పటౌడీ 128 నాటౌట్ చేశాడు. ఆ రెండు ఘనకార్యాలూ 139 పరుగుల ఓటమిలో కలిసిపోయాయి. నాదకర్ణి పేరు ఎత్తగానే జనం తలచుకునేది మాత్రం వికెట్ దక్కని ఆ ఇన్నింగ్స్‌నే.

1965 ఫిబ్రవరి 27న న్యూజిలాండ్‌తో మొదలైన తొమ్మిదో టెస్టులో పందొమ్మిదేళ్ల ఇంజనీరింగ్ విద్యార్థి ఎస్. వెంకటరాఘవన్ అరంగేట్రం చేశాడు. మూడేళ్ల ముందు ఇంగ్లండ్ టెస్టులో ఎర్రపల్లి ప్రసన్న తొలి మ్యాచ్ ఆడింది కూడా ఇక్కడే. చదువు పూర్తి చేసుకోవడానికి వెళ్లిపోయిన ప్రసన్న 1967లో తిరిగొచ్చాక, ఒకే స్థానం కోసం ఈ ఇద్దరు ఆఫ్ స్పిన్నర్ల మధ్య పదేళ్లకు పైగా పోటీ నడిచింది. బేడీ, చంద్రశేఖర్‌లతో కలిసి స్పిన్ చతుష్టయంగా పేరు తెచ్చుకున్న నలుగురిలో ఇద్దరికి టెస్టు ద్వారం తెరిచింది ఈ మైదానమే.

అంతటితో టెస్టుల కథ ముగిసింది. 1960ల మధ్యలో చేపాక్ లీజు క్రికెట్ సంఘానికి దక్కడంతో, సొంత నేల ఉన్నవాళ్లు కార్పొరేషన్ గేటు తట్టవలసిన పని లేకపోయింది. 1967 జనవరిలో వెస్టిండీస్ టెస్టు చేపాక్‌లో జరిగింది. కార్పొరేషన్ స్టేడియం పిచ్ పాడైందనో, జనం రావడం మానేశారనో క్రికెట్ వెళ్లిపోలేదు. లీజు కాగితం మీద పేరు మారింది, ఆట దాని వెంట నడిచింది. హైదరాబాద్‌లోనూ తరువాతి కాలంలో ఇలాంటిదే జరిగింది. లాల్ బహదూర్ స్టేడియంగా పేరు మారిన ఫతే మైదాన్‌లో మూడు టెస్టులు, 1999 నవంబరులో సచిన్, ద్రవిడ్ 331 పరుగులు జోడించిన వన్డే జరిగినా, ఉప్పల్‌లో సంఘానికి సొంత స్టేడియం లేవగానే అంతర్జాతీయ క్రికెట్ అటు వెళ్లిపోయింది. ఫతే మైదాన్‌ను కూలగొట్టలేదు. ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారాలు, ఇతర ఆటలు దాన్ని నిలబెట్టాయి.

మద్రాసు స్టేడియానికి ఆ భాగ్యం పట్టలేదు. చుట్టూ ఉన్నవి ఒక్కొక్కటే పోయాయి. 1985 మే నెలాఖరులో మూర్ మార్కెట్ తగలబడింది. పాత పుస్తకాల దుకాణాలకు పేరుపడ్డ ఆ జాగాను రైల్వే తీసుకుంది. అదే ఏడాది జంతుశాల వండలూరు అడవికి తరలింది. ట్రెవిలియన్ తోటలో మిగిలింది మై లేడీస్ గార్డెన్ అనే చిన్న ముక్క. పాత స్టేడియం క్రికెట్‌కు పనికిరాకుండా, అంతర్జాతీయ ఫుట్‌బాల్‌కు చాలకుండా ఉండిపోయింది.

1992లో జయలలిత ప్రభుత్వం దాన్ని పూర్తిగా తొలగించి, సుమారు 40 వేల మంది కూర్చునే రెండంతస్తుల స్టేడియం కట్టించింది. పని 260 రోజుల్లో ముగిసింది. మన దేశంలో ప్రభుత్వ నిర్మాణాల వేగం తెలిసినవాళ్లు ఈ అంకెను రెండుసార్లు చదువుకోవలసిందే. తొందరకు కారణం 1993 నెహ్రూ కప్ ఫుట్‌బాల్ టోర్నీ. అందులో ఉత్తర కొరియా గెలిచింది. 1995 డిసెంబరు 18 నుంచి 27 దాకా దక్షిణాసియా క్రీడలకు కూడా ఇదే ప్రధాన వేదిక. పక్కనే ఇండోర్ స్టేడియం వచ్చింది. 2022 జులై 28న చెస్ ఒలింపియాడ్ ప్రారంభోత్సవం అక్కడే జరిగింది. ఆ ఒలింపియాడ్‌లో కాంస్యం గెలిచిన భారత మహిళల జట్టులో కోనేరు హంపి, నిండు గర్భిణిగా ఆడిన ద్రోణవల్లి హారిక ఉన్నారు.

క్రికెట్ పిచ్ ఉన్న చోట ఇప్పుడు ఫుట్‌బాల్ గడ్డి, దాని చుట్టూ పరుగుల ట్రాక్. 2014 నుంచి ఇండియన్ సూపర్ లీగ్‌లో చెన్నైయిన్ ఎఫ్‌సీకి ఇది సొంత మైదానం.   మద్రాసు స్టేడియం యాజమాన్యం మాత్రం నగరపాలక సంస్థ చేతుల్లో లేదు. కార్పొరేషన్ పేరుతో మొదలైన ఆ స్థలం ఇవాళ రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన తమిళనాడు క్రీడాభివృద్ధి ప్రాధికార సంస్థ కింద నడుస్తోంది.